శుక్రవారం ఒక గంట, డిగ్రీకి మూడేళ్ళు



డిగ్రీ ప్రవేశాలు జరిగే ఈ రోజులలో తల్లిదండ్రులు నన్ను అడిగే ప్రశ్న సాధారణంగా ఒక్కటే. "హజ్రత్, మావాడిని ఏ కోర్సులో చేర్పించమంటారు?" ఏ కోర్సు అన్నది ముఖ్యమే. కాని చేరిన తరువాత ఆ మూడేళ్ళను ఏ విధంగా నడుపుకోవాలన్నది అంతకన్నా ముఖ్యమని నాకు ఆలస్యంగా తెలిసి వచ్చింది. తెలిసి వచ్చిన తీరు చెప్పుకోవడానికి కొంత సిగ్గుగానే ఉంది.

మా మదరసాలో హిఫ్జ్ పూర్తి చేసి, ఓపెన్ స్కూలు ద్వారా పదవ తరగతి, ఇంటర్మీడియట్ ఉత్తీర్ణుడై, నిరుడు బి.కాం.లో చేరిన అబ్బాయి ఒకడు గత డిసెంబరులో అస్ర్ నమాజు తరువాత నా దగ్గరకు వచ్చి కూర్చున్నాడు. చాలాసేపు మాట్లాడలేదు. తరువాత మెల్లగా చెప్పాడు: "హజ్రత్, అకౌంట్స్ పరీక్ష రాయనివ్వడం లేదు. హాజరు చాలలేదట. అబ్బాకు ఇంకా చెప్పలేదు." వాళ్ళ నాన్న పండ్ల బండి నడుపుతారు. కొడుకు కళాశాలకు వెళుతున్నాడని మసీదులో నలుగురికీ సంతోషంగా చెప్పుకొనే మనిషి.

అబ్బాయి బద్ధకస్తుడు కాడు. మరి హాజరు ఎందుకు తగ్గింది? ఆ సబ్జెక్టుకు వారానికి నాలుగు గంటలు. అందులో ఒకటి శుక్రవారం మధ్యాహ్నం, సరిగ్గా జుమా వేళకు పడింది. వీడు ఎవరికీ చెప్పకుండా ప్రతి శుక్రవారం మసీదుకు వెళ్ళిపోయేవాడు. చేరిన కొత్తలో ఈ సంగతి నాతో అన్నాడు కూడా. నేను ఇచ్చిన జవాబు నాకు బాగా గుర్తుంది: "జుమా వదలకు, మిగిలినది అల్లాహ్ చూసుకుంటాడు."

ఆ సాయంత్రం ఇద్దరం కాగితం మీద లెక్క వేశాము. వారానికి 4 గంటలు, 15 వారాలు, మొత్తం 60 గంటలు. శుక్రవారపు గంట ప్రతివారం పోతే 15 గంటలు పోయినట్లు. మిగిలినవి 45, అంటే సరిగ్గా 75 శాతం. పరీక్షకు కావలసిన కనీస హాజరు కూడా అంతే. సెమిస్టరు మొదలైన మొదటి రోజునే వీడి చేతిలో ఒక్క గంట కూడా మిగులు లేదన్న మాట. అక్టోబరులో జ్వరం వచ్చింది, మరి నాలుగు గంటలు పోయాయి. 41 గంటలు, 68 శాతం. అనారోగ్యం కారణంగా తగ్గిన హాజరును వైద్యుని ధృవపత్రం చూసి, రుసుము తీసుకొని మన్నించే పద్ధతి చాలా విశ్వవిద్యాలయాలలో ఉంది. దానిని కండొనేషన్ అంటారు. వీడు మందుల దుకాణంలో మాత్రలు కొని మింగాడు గనుక ధృవపత్రం లేదు. దరఖాస్తు గడువు నోటీసు బోర్డులో పెట్టారు, వీడు చూడలేదు.

మరునాడు వాడిని వెంటబెట్టుకొని కళాశాలకు వెళ్ళాను. ఆ శాఖాధిపతి ముస్లిమేతరుడు, మర్యాదస్తుడు. మా మాట అంతా విని, "మౌలానా గారూ, మొదటి వారంలో వచ్చి ఒక్క మాట చెప్పి ఉంటే శుక్రవారం గంటను పక్క సెక్షనుతో వినమని పంపేవాణ్ణి కదా! ఇప్పుడు రిజిస్టరు మూసేశాము" అన్నారు. ఆయన మాటకు నా దగ్గర జవాబు లేదు.

ఒంటెను కట్టివేయాలా, వదిలిపెట్టి అల్లాహ్‌పై భారం వేయాలా అని దైవప్రవక్త (స)ను ఒక వ్యక్తి అడిగిన సంగతి తిర్మిజీ గ్రంథంలో ఉంది. ముందు కట్టు, ఆ తరువాత భారం వేయి అన్నది ఆయన (స) ఉపదేశం. ఈ హదీసును నేను ముప్పై ఏళ్ళుగా బోధిస్తున్నాను. ఆ అబ్బాయికి మాత్రం రెండవ సగమే చెప్పాను.

కాబట్టి ఈ నెల శీర్షికను ఒంటెను కట్టే పనికే కేటాయిస్తున్నాను.

జుమా సంగతితోనే మొదలుపెడతాను. కళాశాలలో చేరిన మొదటి వారంలోనే టైంటేబుల్ తీసుకొని శుక్రవారపు గడిని చూడండి. నగరాలలో అన్ని మసీదులలో జుమా ఒకే వేళకు జరగదు. ఒక చోట ఒంటి గంటకు ఖుత్బా మొదలైతే మరొక చోట రెండు గంటలకు జమాఅత్ నిలబడుతుంది. కళాశాలకు నడక దూరంలో ఉన్న మసీదులన్నింటి వేళలు కనుక్కుంటే చాలాసార్లు భోజన విరామంలోనే పని జరిగిపోతుంది. అలా కుదరకపోతే దొంగచాటుగా జారుకోవద్దు. నాలుగు వాక్యాల దరఖాస్తు రాసి, ఏ గంట పోతున్నదో, దానికి బదులు ఏ సెక్షనుతో వినగలరో చెప్పి, అధ్యాపకుని సంతకం తీసుకోండి. నమాజు కోసం అనుమతి అడగడం చిన్నతనం కాదు. చెప్పకుండా లేచిపోయేవాడిని అధ్యాపకుడు ఎగవేతదారునిగానే లెక్కగడతాడు. ఆయన తప్పేమీ లేదు.

ఇక క్రెడిట్ల సంగతి. ఇది నేను ఆ డిసెంబరు తరువాతే నేర్చుకున్నాను. వారానికి ఒక గంట పాఠం చొప్పున సెమిస్టరు మొత్తానికి 15 గంటలైతే అది ఒక క్రెడిట్. ప్రయోగశాల పని అయితే 30 గంటలకు ఒక క్రెడిట్. 2022 డిసెంబరులో యూజీసీ ప్రకటించిన చట్రం ప్రకారం మూడేళ్ళ డిగ్రీకి కనీసం 120 క్రెడిట్లు, నాలుగేళ్ళ ఆనర్స్ డిగ్రీకి 160 కావాలి. మీ విశ్వవిద్యాలయం ఇంకా ఎక్కువ కోరవచ్చు. ఆ అంకె ఎంతో, అందులో ప్రధాన సబ్జెక్టుకు ఎన్ని, భాషలకు ఎన్ని, నైపుణ్య కోర్సులకు ఎన్ని, ఇంటర్న్‌షిప్‌కు ఎన్ని అన్నది చేరిన నాడే రాసుకోవాలి.

మదరసా పిల్లలకు ఇది కొత్త అలవాటేమీ కాదు. దర్సె నిజామీలో చేరిన బాలునికి మీజాన్‌తో మొదలై దౌరె హదీస్‌తో ముగిసే దారి అంతా మొదటి సంవత్సరమే తెలుసు. ఏ ఏట ఏ గ్రంథమో నిద్రలో అడిగినా చెబుతాడు. అదే పిల్లవాడు డిగ్రీలో చేరగానే ఈ సెమిస్టరు దాటి చూడడు. రెండు క్రెడిట్ల చిన్న పేపరే కదా అని ఒకదానిని వదిలేసి, ఆరవ సెమిస్టరులో పట్టా ఆగిపోయాక పరుగెత్తే పిల్లలను ఈ ఏడాదే ఇద్దరిని చూశాను. సిలబస్ మొత్తం విశ్వవిద్యాలయ వెబ్‌సైటులో దొరుకుతుంది. ఆరు సెమిస్టర్లదీ ముద్రించుకొని గోడకు అంటించండి. పాసైన పేపరుపై గీత కొట్టుకుంటూ పోండి.

చదువుకునే పద్ధతి గురించి హాఫిజ్ పిల్లలకు నేను చెప్పవలసింది ఎక్కువ లేదు, వాళ్ళే మరచిపోయారని గుర్తు చేయడం తప్ప. హిఫ్జ్‌లో మూడు పనులు ప్రతిరోజూ జరుగుతాయి. సబఖ్ అంటే ఈనాటి కొత్త పాఠం. సబఖ్ పారా అంటే ప్రస్తుతం నడుస్తున్న భాగంలో ఇటీవల కంఠస్థం చేసినది. ఆమూఖ్తా అంటే అంతకుముందు పూర్తయిన పాత పారాలు. ఈ మూడింటిలో ఏ ఒక్కటి వదిలినా హిఫ్జ్ నిలవదని పదేళ్ళ బాలునికి కూడా తెలుసు. డిగ్రీకి కూడా దీనినే పట్టుకోండి. ఆ రోజు తరగతిలో విన్నది ఆ రాత్రే ఒకసారి చూడడం, ఆ వారం యూనిట్‌ను వారాంతంలో పుస్తకం మూసి రాసి చూడడం, పూర్తయిన యూనిట్లను పదిహేను రోజులకొకసారి తిరగేయడం. మదరసాలో తక్రార్‌కు కూర్చున్నట్లే ఇద్దరు ముగ్గురు సహపాఠులతో కూర్చొని ఒకరికొకరు చెప్పుకుంటే మరీ మంచిది. మీతో కూర్చునేవాడు హిందువైనా, క్రైస్తవుడైనా పాఠం పాఠమే.

వేళల కోసం వేరే పట్టిక గీయనవసరం లేదు. ఐదు నమాజులు రోజును ముందే భాగాలు చేసి ఇచ్చాయి. ఫజ్ర్ తరువాతి గంటను లెక్కలకు, కష్టమైన సబ్జెక్టుకు ఉంచండి. మగ్రిబ్, ఇషాల నడుమ ఆనాటి పాఠం చూసుకోండి. ఇషా తరువాత ఫోనుతో పడుకొని అర్ధరాత్రి దాటించే అలవాటుంటే ఫజ్ర్ గంట ఎలాగూ దక్కదు. దాని గురించి వేరుగా రాయాలి, ఇప్పుడు కాదు.

రంజాన్ లెక్క ముందే వేసుకోవాలి. చాంద్రమానం ప్రకారం రంజాన్ ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. ఈ సంవత్సరం డిగ్రీలో చేరేవారికి మొదటి రంజాన్ 2027 ఫిబ్రవరి రెండవ వారంలో, తరువాతిది 2028 జనవరి చివరలో, మూడవది 2029 జనవరి మధ్యలో మొదలు కావచ్చు. నెలవంకను బట్టి ఒక రోజు అటూ ఇటూ. అంటే మూడు రంజాన్‌లూ సరి సెమిస్టర్లలోనే, తరగతులు నడిచే కాలంలోనే వస్తాయి. అసైన్‌మెంట్లు, ప్రాజెక్టు పనులు షాబాన్ ముగిసేలోపే పూర్తి చేసుకున్నవారికి తరావీహ్‌లో మనసు నిలుస్తుంది. ఇంటర్నల్ మార్కులను తేలికగా తీసుకోవద్దు. విశ్వవిద్యాలయాన్ని బట్టి నూటికి 20, 30, కొన్నిచోట్ల 40 మార్కులు వాటికే ఉంటాయి. చివరి పరీక్షలో ఎంత బాగా రాసినా అవి తిరిగి రావు.

ఇక కాగితాలు. దివ్య ఖుర్ఆన్‌లో అన్నింటికన్నా పొడవైన ఆయతు బఖరా సూరాలోని 282వది. అది అప్పుల లావాదేవీలను రాసి పెట్టుకోమని ఆదేశించే ఆయతు. రాతకోతల పట్ల మన ధర్మం ఇంత శ్రద్ధ చూపితే, మన ఇళ్ళలో పిల్లవాడి టీసీ ఎక్కడుందో ఎవరికీ తెలియదు!

మన పిల్లలకు ప్రత్యేకంగా ఎదురయ్యే చిక్కు పేరుతో వస్తుంది. పదవ తరగతి మెమోలో ఎం.డి. అని, ఆధార్‌లో మహమ్మద్ అని, బ్యాంకు పుస్తకంలో మొహ్మద్ అని ఉంటుంది. షేక్, సయ్యద్ అన్న ఇంటి పేర్లు ఒకచోట ముందు, ఒకచోట వెనుక, మరొకచోట అసలే ఉండవు. మనకు అది ఒకే పేరు, కంప్యూటరుకు నాలుగు. క్రెడిట్లు జమ అయ్యే అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ ఖాతా తెరిచేటప్పుడు, ఉపకార వేతనానికి దరఖాస్తు చేసేటప్పుడు అంతా అక్కడే ఆగిపోతుంది. పదవ తరగతి మెమోను ప్రమాణంగా పెట్టుకొని మిగిలినవన్నీ దానికి సరిపోయేలా దిద్దించుకోండి. ఆధార్‌లో పేరు మార్చుకొనే అవకాశం రెండుసార్లే ఉంటుంది గనుక అక్షరం అక్షరం చూసుకొని వెళ్ళండి. ఆదాయ ధృవపత్రం, అర్హులైతే బీసీ-ఇ ధృవపత్రం ప్రవేశాల రద్దీకి ముందే తీసుకోవాలి.

మదరసా సనద్‌తో నేరుగా డిగ్రీలో చేరదలచినవారికి ఒక మాట. హైదరాబాదులోని మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం వంటివి కొన్ని మదరసాల సనద్‌లను గుర్తిస్తాయి. అన్నింటినీ కాదు. మీ మదరసా పేరు ఆ జాబితాలో ఉన్నదో లేదో ప్రవేశ ప్రకటనలో చూసిన తరువాతే ఆశ పెట్టుకోండి. దూరవిద్యలో చేరేవారు ఆ కోర్సుకు ఆ సంవత్సరం యూజీసీ అనుమతి ఉందేమో చూడాలి. అనుమతి లేని పట్టాకు కట్టిన రుసుము నీళ్ళలో పోసినట్లే.

సోదరీమణులకు, ముఖ్యంగా వారి తల్లిదండ్రులకు: నికాహ్ కుదిరిందని నాలుగవ సెమిస్టరులో చదువు మాన్పించిన ఆడపిల్లలు మన బస్తీలలో ఎందరో. ఇదివరకు అలా ఆగిన చదువు వృథా అయ్యేది. ఇప్పుడు ఉత్తీర్ణమైన పేపర్ల క్రెడిట్లు ఆ ఖాతాలో సాధారణంగా ఏడేళ్ళ వరకు నిలిచి ఉంటాయి. పెళ్ళి అయిన ఊళ్ళో, అక్కడి విశ్వవిద్యాలయ నిబంధనలు అనుమతిస్తే, మిగిలిన భాగం పూర్తి చేయవచ్చు. సంబంధం మాట్లాడేటప్పుడు మహర్‌తో పాటు ఈ సంగతి కూడా మాట్లాడుకోవచ్చు. అందులో తప్పు లేదు, పైగా అల్లుడి స్వభావం కూడా కొంత తెలుస్తుంది.

ఆ అబ్బాయి సంగతి అడుగుతారేమో. వాళ్ళ నాన్నకు ఇద్దరం కలిసే చెప్పాము. ఆయన కాసేపు బండి మీది జామపండ్లు సర్దుతూ ఉండి, "ఫీజు మళ్ళీ కట్టాలా హజ్రత్?" అని మాత్రం అడిగారు. వాడు ఈ ఏడాది జూనియర్లతో కూర్చొని ఆ పేపరు మళ్ళీ చదవాలి. కళాశాల తెరిచిన రోజునే వెళ్ళి టైంటేబుల్ తెచ్చాడు. అకౌంట్స్ గంట ఈసారి గురువారం పడింది, శుక్రవారం మధ్యాహ్నం మరొక సబ్జెక్టు. దరఖాస్తు తానే రాసి, సంతకం చేయించి, దాని జిరాక్సు కాపీ ఒకటి నా దగ్గర ఉంచి వెళ్ళాడు. వెళుతూ పదవ తరగతి పాసైన తమ్ముణ్ణి నాకు అప్పగించాడు. తమ్ముడి మెమోలో ఎం.డి., ఆధార్‌లో మహమ్మద్. మరునాడు ఉదయమే ఆధార్ కేంద్రానికి పంపించాను.