పాతదానిని చెఱపక క్రొత్తదానిని నేర్చుట

ఇంటిలోని కుండను పగులగొట్టి క్రొత్తకుండ కొఱకు సంతకు బోవుట వివేకవంతుల పని కాదు. క్రొత్తది యింటికి వచ్చి, నీరు నిలుచునో కారునో తెలిసిన పిమ్మటనే పాతదానిని గూర్చి యాలోచింతురు. కంప్యూటరు విషయమునను ఈ నీతియే చెల్లునని మా యభిప్రాయము. విండోస్ గల యంత్రములో లినక్సును చేర్చ దలచిన విద్యార్థులకును, దానికి జంకుచున్న తల్లిదండ్రులకును ఈ విషయమును విన్నవింప గోరుచున్నాము.

ఈ ప్రశ్న ఇప్పుడేల వచ్చెనో మొదట చెప్పవలెను. 2015వ సంవత్సరమున వెలువడిన విండోస్ 10 అను వ్యవస్థకు మైక్రోసాఫ్టు వారి సాధారణ పోషణ 2025 అక్టోబరు 14వ తేదీతో ముగిసినది. ప్రత్యేకముగా నమోదు చేసికొన్న గృహస్థులకు మాత్రము భద్రతాసవరణలకు మఱియొక సంవత్సరపు గడువొసగబడినది. 2021లో వచ్చిన విండోస్ 11 పాత యంత్రములను పెక్కింటిని అంగీకరింపదు. టీపీఎం 2.0 అను భద్రతాసాధనమును, కొంత నూతనమైన ప్రాసెసరును ఉండవలెనని దాని నియమము. అరకులోయ, అనంతగిరి, పాడేరు ప్రాంతముల యిండ్లకు వచ్చు కంప్యూటర్లలో పట్టణమున నొకరు వాడి విడిచినవి తక్కువ కాదు. అట్టి యంత్రము నేటికిని నడచుచునే యున్నది. కాని దాని తలుపునకు గడియ వేయువారు లేరు. కాఫీగింజలమ్మి కూడబెట్టిన రూకలతో కొన్న వస్తువును పాఱవేయుమని మేము చెప్పజాలము.

ఈ సందర్భమున రెండు తొందరపాటు మాటలు వినబడుచున్నవి. ఉత్సాహవంతుడగు బాలుడు, "విండోసును తుడిచివేసి లినక్సును పెట్టుదము" అనును. భయపడిన తండ్రి, "యంత్రమును ముట్టవలదు" అనును. మొదటివానికి ధైర్యమున్నది, జాగ్రత్త లేదు. రెండవవారికి జాగ్రత్త యున్నది, మార్గము లేదు. రెండింటిని ప్రక్కప్రక్కన నుంచుటయే మధ్యమార్గము. ఒక పొలములో నడుమ గట్టు వేసి, ఒక మడిలో వరియు, వేఱొక మడిలో రాగులును పండించినట్లు, ఒకే హార్డ్‌డిస్కును విభజించి రెండు వ్యవస్థలను నిలుపవచ్చును. యంత్రము తెఱచినప్పుడెల్ల ఏది కావలెనో మనమే కోరుకొనవచ్చును.

లినక్సు ఆటవస్తువు కాదు. 1991లో ఫిన్లాండు దేశపు హెల్సింకీ విశ్వవిద్యాలయమున చదువుచుండిన లైనస్ టోర్వాల్డ్స్ దాని మూలభాగమును వ్రాసెను. అంతకు మున్ను 1983లో అమెరికాలో రిచర్డ్ స్టాల్‌మన్ ప్రకటించిన గ్నూ ఉద్యమపు పనిముట్లు దానితో కలిసినవి. నేడు మన పెద్దలు సంతలో చేతబట్టుకొను ఆండ్రాయిడ్ ఫోనునకును లినక్సే మూలము. లోకమున మిక్కిలి శక్తిగల 500 కంప్యూటర్ల పట్టికలో 2017 నవంబరు మొదలు అన్నియు లినక్సుతోనే నడచుచున్నవి. కేరళ రాష్ట్రమున 2001లో ఆరంభమైన ఐటీ ఎట్ స్కూల్ పథకము 2017లో కైట్ అను సంస్థగా మాఱి, ప్రభుత్వ పాఠశాలల పిల్లలకు లినక్సునే నేర్పుచున్నది. హైదరాబాదులో స్వేచ్ఛ యను సంస్థవారు దీనిని తెలుగులోనికి దెచ్చుటకు పాటుపడిరి. కాబట్టి దీనిని నేర్చుట వ్యర్థమని యెవరును తలపరాదు.

అట్లయిన విండోసును ఏల తీసివేయరాదు? మా సమాధానము సులభము. ఇంటికి యంత్రము ఒక్కటియే. అందు కులధ్రువపత్రపు నకళ్లు, ఉపకారవేతనపు కాగితములు, కాఫీతోట లెక్కలు, గతించిన తాతగారి ఛాయాచిత్రములు ఉండవచ్చును. అవి పోయినచో మఱల తేగల విద్య లినక్సునకు లేదు, విండోసునకును లేదు. మఱియు కొన్ని పనులు నేటికిని విండోసునే కోరును. ఆంధ్రదేశపు ముద్రణాలయములలో అను ఫాంట్లతోను పేజ్‌మేకరుతోను కూర్పుపని చేయు అంగళ్లు ఇంకను గలవు. అందు కొలువు గోరు యువకునికి విండోస్ పరిచయము అన్నము పెట్టును. నేర్పునకు లినక్సు, కొలువునకు విండోసు అని కొంతకాలము రెండును ఉండుటలో తప్పేమి?

ఇక పని క్రమమును చెప్పెదము. మొదటి నియమము నకలు. కోల్పోరాని ప్రతి కాగితమును, ప్రతి చిత్రమును వేఱొక డిస్కునకో పెన్‌డ్రైవునకో ఎక్కించి, దానిని మఱియొక యంత్రములో తెఱచి చూడవలెను. తెఱచి చూడని నకలు నకలు కాదు. లినక్సును ఎక్కించు పెన్‌డ్రైవులోని పూర్వపు సరకంతయు తుడిచిపెట్టుకొని పోవును గనుక, నకలునకు వేఱొకటి యుండవలెను.

రెండవ నియమము తాళపుచెవి. కొన్ని యంత్రములలో బిట్‌లాకరు అను గూఢరక్షణ యజమానికి తెలియకయే అమర్చబడి యుండును. ఆరంభపు అమరికలు మాఱగానే అది 48 అంకెల సంఖ్యను అడుగవచ్చును. ఆ సంఖ్యను ముందే కనుగొని కాగితముపై వ్రాసికొననివాడు తన యింటి బయట తానే నిలువవలసి వచ్చును.

మూడవది, విండోసును నిజముగా నిద్రపుచ్చుట. ఫాస్ట్ స్టార్టప్ అను ఏర్పాటు వలన విండోసు ఆగినట్లు కనబడియు పూర్తిగా ఆగదు. ఎద్దులను విప్పక కాడిని పొలములోనే విడిచినట్లు తన భాగమును సగము పనిలో నుంచును. ఆ స్థితిలో లినక్సు అందు వ్రాసినచో దస్త్రములు చెడవచ్చును. కావున దానిని ముందుగా ఆపివేయవలెను. పిమ్మట విండోసులోని డిస్క్ మేనేజ్‌మెంటు ద్వారానే దాని భాగమును కుదించి, ఖాళీస్థలమును విడువవలెను. లినక్స్ మింటునకు కనీసము 20 జీబీ చాలునని దానిని చేయువారు చెప్పుదురు. అభ్యాసకునికి 40 లేక 50 జీబీ యున్న ఇఱుకు కలుగదు.

నాలుగవది, స్థాపింపక ముందు రుచి చూచుట. లినక్సును పెన్‌డ్రైవునుండియే నడిపి చూడవచ్చును. హార్డ్‌డిస్కును ముట్టనే ముట్టదు. వైఫై దొరకుచున్నదా, శబ్దము వచ్చుచున్నదా, తెలుగు అక్షరములు చక్కగా కనబడుచున్నవా యని పరీక్షింపవలెను. ఇన్‌స్క్రిప్టు పద్ధతిలో తెలుగు టైపు నేర్చినవానికి రెండు వ్యవస్థలలోను అదే వరుస లభించును. ఏదేని కుదరనిచో పెన్‌డ్రైవును తీసివేసిన చాలును. విండోసు యథాపూర్వముగా లేచును.

అయిదవది స్థాపన. ఇక్కడనే మనస్సును నిలుపవలెను. విండోసు ప్రక్కన చేర్చుమను మాట ఒకటి, డిస్కునంతయు చెఱపుమను మాట మఱియొకటి తెరపై ఒకదానిక్రింద నొకటి కనబడును. రెండింటికి నడుమ వ్రేలెడు దూరమే. ఫలితములకు మాత్రము కొండకును సముద్రమునకును గల దూరము. ఆ పంక్తిని బిగ్గరగా చదివి, ప్రక్కనున్నవారికి అర్థము చెప్పి, తరువాతనే మీట నొక్కవలెనని మా సలహా. వానకాలపు గాలులకు విద్యుత్తు పోవుట మన కొండలకు క్రొత్త కాదు. డిస్కును విభజించునప్పుడు దీపమాఱినచో నష్టము కలుగవచ్చును. కావున ల్యాప్‌టాపు బ్యాటరీ నిండుగా నుండవలెను. బ్యాటరీ లేని యంత్రమైనచో యూపీఎస్ లేనిదే పని ఆరంభింపరాదు.

పని ముగిసిన పిదప యంత్రము లేచునప్పుడు గ్రబ్ అను పట్టిక కనబడి, లినక్సా విండోసా యని యడుగును. అంతటితో చిక్కులన్నియు తీరునని మేము చెప్పము. లినక్సును వాడి విండోసునకు మరలినప్పుడు గడియారము 5½ గంటలు వెనుకబడి యుండవచ్చును. యంత్రములోని గడియారమును లినక్సు ప్రపంచ సమయముగా నుంచును, విండోసు స్థానిక సమయముగా చదువును. మన దేశమునకు ఆ భేదము సరిగా 5½ గంటలు. దీనిని చూచి వైరస్ పట్టినదని యేడ్వ నక్కఱలేదు. ఒక చిన్న అమరికతో సరిపోవును. 2024 ఆగస్టులో మైక్రోసాఫ్టు వారు పంపిన యొక భద్రతాసవరణ వలన, రెండు వ్యవస్థలున్న యంత్రములలో కొన్నింట లినక్సు లేవకపోయినది. సెక్యూర్ బూటును కొంతసేపు ఆపి పలువురు దానిని సరిదిద్దుకొనిరి. ప్రక్కప్రక్క నివసించువారి నడుమ ఇట్టి పేచీలు వచ్చును. వచ్చునని తెలిసియుండుటయే సగము మందు. స్థాపించిన పెన్‌డ్రైవును భద్రముగా దాచుట తక్కిన సగము.

ఈ విద్య కొండబిడ్డలకు ప్రత్యేకముగా తగినదని మేము భావించుటకు రెండు కారణములు గలవు. మొదటిది, దీనికి ఎడతెగని ఇంటర్నెట్ అక్కఱలేదు. పట్టణమున నొక్కసారి పెన్‌డ్రైవులోనికి దింపుకొనినచో, సిగ్నలు అందని గూడెములోను దానిని స్థాపింపవచ్చును. అయితే చేతులు మాఱి వచ్చిన ప్రతిని నమ్మక, అసలు స్థలమునుండి దింపిన దానినే వాడవలెను.

రెండవది, ఒక తలలో రెండింటిని నిలుపుట వీరికి పుట్టుకతో వచ్చిన నేర్పు. ఇంట కువియో, పోర్జయో, గదబయో, కోటియా ఒడియాయో పలికి, బడిలో తెలుగు చదువు బాలిక, తెలుగు వచ్చినదని తల్లిభాషను తుడిచివేయలేదు గదా! మఱియు లినక్సు ఎవరైనను విప్పి చూచి, మార్చి, పంచుకొనదగినది. కొద్దిమంది పలుకు భాషకు లాభము లేదని వర్తకుడు వెనుదీసినను, ఆ భాషవారే తమ మాటలను అందు చేర్చుకొనవచ్చును. గిడుగు వేంకట రామమూర్తిగారు పర్లాకిమిడిలో ఉపాధ్యాయులై యుండి సవరభాషను నేర్చి, దానికి వ్యాకరణమును నిఘంటువును కూర్చిరి. అదే భాషకు 1936లో మంగేయ్ గొమాంగో కల్పించిన సోరంగ్ సోంపెంగ్ లిపి 2012లో యూనికోడులో చేరినది. ఇకమీదటి పని చేయవలసినవారు మన తరగతులలోనే కూర్చుండి యుండవచ్చును. తెఱచి చూచుటకు వీలులేని యంత్రముపై వారా పని నెట్లు నేర్తురు?

కావున ముగ్గురకు మూడు మనవులు. ఉపాధ్యాయులారా, బీరువాలో దుమ్ము పట్టియున్న పాత యంత్రమొకటి యున్నచో అభ్యాసమునకై విడువుడు. మొదటి తప్పు దానిమీద జరుగనిండు, ఇంటి యంత్రముమీద కాదు. తల్లిదండ్రులారా, పిల్లవాడు అడిగినచో వెంటనే కాదనవలదు, వెంటనే సరే యనవలదు; "నకలు చూపుము" అని యడుగుడు. చూపగలిగినవానికి అనుమతి నిచ్చుట న్యాయము. విద్యార్థులారా, తొందరపడి పొరుగువారి యంత్రముతో నారంభింపకుడు. ప్రతి మెట్టును కాగితముపై వ్రాసికొని, పెద్దవారొకరు ప్రక్కనుండగా పగటిపూట పని చేయుడు.

లినక్సు నచ్చనివాడు దాని భాగమును తీసివేసి తిరిగి పూర్వస్థితికి రావచ్చును. అప్పుడు గ్రబ్ పట్టికకు బదులు విండోసు ఆరంభమును మఱల నిలుపుకొనవలెను. నచ్చినవాడు క్రమముగా దానియందే నివసింపవచ్చును. ఆ నిర్ణయము నేడు చేయవలసినది కాదు. తన యంత్రములో ఏది యెక్కడ నున్నదో యెఱిగి, కోల్పోరానిదానిని ముందు కాపాడి, పిమ్మట క్రొత్తదానికి చోటిచ్చుట నేడు నేర్వవలసినది. దానిని నేర్చిన బిడ్డ చేతిలో ఇంటి యంత్రము భద్రముగా నుండునని మా నమ్మకము.