జీతాల సర్వేలో మన ఇల్లు ఎక్కడ?

ఏటా దినపత్రికల వాణిజ్య పుటల్లో ఒక వార్త తప్పక వస్తుంది. దేశంలో ఈ సంవత్సరం జీతాలు తొమ్మిది, పది శాతం మేర పెరుగుతాయని ఏయాన్, మెర్సర్, డెలాయిట్ వంటి సలహా సంస్థల సర్వేలు అంచనా వేశాయన్నది దాని సారాంశం. హైదరాబాదు లాడ్ బజారులో లక్క గాజులు చేసే కుటుంబానికి గానీ, విజయవాడ ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే కార్మికునికి గానీ ఆ పెరుగుదల కనిపించదు. సర్వే అబద్ధమాడిందని కాదు. వారిని ఎవరూ అడగలేదు.

ఈ సర్వేలు ప్రధానంగా యాజమాన్యాలను అడుగుతాయి. కంపెనీల మానవ వనరుల విభాగాలు నింపి పంపిన పత్రాలే వాటికి ఆధారం. ఫలితాలను వాడుకునేవీ ఆ కంపెనీలే. ఉద్యోగులే తమ జీతం నమోదు చేసే వెబ్‌సైట్లు కొంత మెరుగనిపించవచ్చు. కానీ అక్కడ వినిపించేది చెప్పాలనుకున్నవారి మాట మాత్రమే.

సగటు అనే మాట ఇంకొక మాయ. తొమ్మిది మందికి 20 వేల చొప్పున, పదోవానికి 2 లక్షల 20 వేలు జీతం ఇస్తే సగటు 40 వేలు అవుతుంది. ఆ పదిమందిలో 40 వేలు అందుకునేవాడు ఒక్కడూ లేడు! ప్రైవేటు ఇంజనీరింగ్ కళాశాలల ప్రకటనల్లోని 'సగటు ప్యాకేజీ' తరచు ఇటువంటిదే. ఉద్యోగం రానివారిని లెక్కలోంచి తీసేస్తే అది మరింత అందంగా తయారవుతుంది. ఇంట్లోని బంగారం కుదువబెట్టి ఫీజు కట్టే తల్లిదండ్రులు అడగవలసినవి రెండు ప్రశ్నలు: చదువు పూర్తిచేసినవారిలో ఎందరికి ఉద్యోగం వచ్చింది? వారిలో సరిగ్గా మధ్యన నిలిచినవాని జీతమెంత? కేంద్ర విద్యాశాఖ ర్యాంకుల కోసం కళాశాలలు సమర్పించే పత్రాల్లో ఈ మధ్యగత జీతం ఉంటుంది. అడిగితే ఇవ్వలేమనడానికి వీల్లేదు.

అసలు లోపం ఇంకా లోతున ఉంది. జీతాల సర్వే ఉద్యోగం దొరికినవారిని లెక్కిస్తుంది. గుమ్మంలోనే ఆగిపోయినవారిని లెక్కించదు. సుఖదేవ్ థొరాట్, పాల్ అట్టెవెల్ 2007లో ప్రచురించిన అధ్యయనంలో సమాన అర్హతలు గల దరఖాస్తులను వేర్వేరు పేర్లతో ప్రైవేటు కంపెనీలకు పంపారు. 548 ప్రకటనలకు 4,808 దరఖాస్తులు. అగ్రవర్ణ హిందూ పేరుతో పోలిస్తే ముస్లిం పేరుకు పిలుపు వచ్చే అవకాశం మూడోవంతేనని, దళిత పేరుకు మూడింట రెండు వంతులని తేలింది. ఏ జీతాల పట్టికలోనూ ఈ నష్టానికి గడి లేదు. గడి లేదు కనుక వివక్షా లేదని వాదించేవారికి కొదవ లేదు.

2006 నాటి సచార్ నివేదిక ప్రకారం పట్టణ ముస్లిం కార్మికుల్లో క్రమబద్ధమైన ఉద్యోగాల్లో ఉన్నవారు 27 శాతమే. అగ్రవర్ణ హిందువుల్లో 49 శాతం. పనిచేసే ముస్లిం స్త్రీలలో 70 శాతం ఇంటి నుంచే పనిచేస్తున్నారని కూడా ఆ నివేదిక చెప్పింది. జర్దోసీ కుట్టే చెల్లెలి కూలిని ఏ మానవ వనరుల విభాగం నమోదు చేస్తుంది?

ప్రభుత్వ కార్మిక సర్వే ఈ విషయంలో మేలే. 2017లో మొదలైన ఆ సర్వే స్వయం ఉపాధి ఆదాయాన్నీ అడుగుతుంది, మతాన్నీ అడుగుతుంది. అయినా వార్షిక నివేదికలోని ఆదాయ పట్టికలు స్త్రీ పురుషులు, గ్రామం, పట్టణం అనే విభజనతోనే ఉంటాయి. పైగా కుటుంబ వ్యాపారంలో జీతం లేకుండా చేయి వేసేవారు ఉపాధి పొందినవారి లెక్కలో చేరతారు. వారి పేరిట ఆదాయం మాత్రం కనబడదు. తూకంలో మోసాన్ని తీవ్రంగా హెచ్చరించిన గ్రంథాన్ని చదువుకునే మనం ఈ తూకం గురించి ఇంతకాలం మౌనంగా ఉండడం విచారకరం.

మతం, వృత్తి వారీగా ఆదాయ పట్టికలను కేంద్ర గణాంక శాఖ ప్రతి ఏటా ప్రచురించాలి. తెలంగాణలో 2024 నవంబరులో మొదలైన ఇంటింటి సర్వేలో సేకరించిన ఉపాధి, ఆదాయ వివరాలను రాష్ట్ర ప్రభుత్వం సముదాయాల వారీగా ప్రజల ముందుంచాలి. 2008లో మాధవ మేనన్ నిపుణుల బృందం సూచించిన సమాన అవకాశాల కమిషన్‌ను ఇకనైనా ఏర్పాటు చేసి, పెద్ద ప్రైవేటు సంస్థల నియామక లెక్కలు అడిగే అధికారం దానికి ఇవ్వాలి. ఎన్నికల వేళ వచ్చే అభ్యర్థుల ముందు మన సంఘాలు ఉంచే వినతిపత్రాల్లో షాదీఖానాల పక్కన ఈ మూడింటికీ చోటు దొరకాలి.