ఓడిన అభ్యర్థి నోటు పుస్తకం

నేను ఎన్నికల్లో నిలబడి ఓడిపోయాను. కాలేజీ ఎన్నికలనుకొనేరు, కాదు. భారత యువ బాస్కెట్‌బాల్ జట్టు కోచ్ పదవికి! ఈ మాట మొదటిసారి చెప్పినప్పుడు మెస్సులో మిత్రులంతా నా ఎత్తు కేసి ఒకసారి, నా పొట్ట కేసి ఒకసారి చూసి పగలబడి నవ్వారు. వాళ్ళ తప్పేం లేదు. ఆ జట్టు ఉన్నది కంప్యూటరులో.

బజ్జర్‌బీటర్ అని ఇంటర్నెట్‌లో 2007 నుంచి నడుస్తున్న ఆట ఒకటుంది. ఇందులో బంతి పట్టుకొనే పని లేదు, మీటలు టకటకా నొక్కే పనీ లేదు. ప్రతివారికీ ఒక క్లబ్బు ఇస్తారు. ఆటగాళ్ళను కొనాలి, జీతాలివ్వాలి, తర్ఫీదు ఇవ్వాలి, ఎవరిని ఏ స్థానంలో దింపాలో నిర్ణయించాలి. ఆపైన మ్యాచ్ దానంతటదే జరిగిపోతుంది. ఒక సీజన్ 14 వారాలు. సీజన్ గడిస్తే ఆటగాడి వయసు ఒక ఏడు పెరుగుతుంది. ఆటగాళ్ళు కల్పితమే గాని, వాళ్ళ యజమానులు మాత్రం దేశదేశాల్లో ఉన్న నిజమైన మనుషులు. ప్రతి దేశానికీ ఒక పెద్దల జట్టు, 21 ఏళ్ళు దాటని కుర్రవాళ్ళ జట్టు ఉంటాయి. వాటి కోచ్‌లను ఆ దేశపు మేనేజర్లే ఓట్లు వేసి ఎన్నుకుంటారు.

"ఓహో, ఆటలో ఎన్నిక! దాని మీద మళ్ళీ వ్యాసమా?" అంటారేమో. అనండి. కానీ ఎన్నికంటే ఏమిటో నాకు కాస్తో కూస్తో తెలిసింది అక్కడే.

మొదట ఆ పదవి సంగతి చెప్తాను. జాతీయ కోచ్ అంటే మహారాజనుకున్నాను. తీరా చూస్తే అతని చేతిలో ఉన్నది జట్టును ఎంపిక చెయ్యడం, వ్యూహం వెయ్యడం, అంతే. తర్ఫీదు ఇచ్చేది ఆటగాడి యజమాని. ఆ తర్ఫీదుకి కూడా ఒక ధర్మం ఉంది. ఏ స్థానపు విద్య నేర్పాలంటే వారంలో 48 నిమిషాలు ఆ స్థానంలోనే ఆడించాలి. ఏడడుగుల కుర్రాడికి బంతి అందించడం నేర్పాలనుకోండి. వాణ్ణి బుట్ట కింద నుంచి తీసుకొచ్చి గార్డుగా నిలబెట్టాలి. పొడుగువాడు కాబట్టి ఆ విద్య నిదానంగా గాని అబ్బదు. ఈలోగా యజమాని మ్యాచ్‌లు ఓడుతూ ఉంటాడు. దేశం జట్టుకి మంచి సెంటర్ దొరకాలంటే, ఎక్కడో ఒక పరాయివాడు తన క్లబ్బు ఓటమికి ఒప్పుకోవాలన్నమాట! మన ఆటగాణ్ణి ఏ ఇటలీవాడో, స్పెయినువాడో కొనుక్కొని ఉంటే, ఆ మహానుభావుణ్ణి మన జెండా కోసం ఓడిపొమ్మని అడగాలి. ఏ మొహం పెట్టుకొని అడుగుతాం?

అయినా అడిగాను. ఎన్నికకు ముందు ఒక సీజనంతా ఉత్తరాలు రాశాను. ఆటగాడి నైపుణ్యాలు యజమానికి తప్ప బయటివారికి కనపడవు. అతను చెబితేనే మనకు తెలియాలి. కొందరు జవాబివ్వలేదు. కొందరు "నీకెందుకోయ్" అన్నారు. ఒకాయన మాత్రం మన కుర్రాణ్ణి నేను కోరిన స్థానంలోనే ఆడించి, ఆ సీజన్లో కింది లీగుకి దిగిపోయాడు. "పరవాలేదు, కుర్రవాడు బాగుపడ్డాడు కదా" అని రాశాడు. ఈ వివరాలన్నీ ఒక రెండు వందల పేజీల నోటు పుస్తకంలో రాసుకున్నాను. ఎవరి ఎత్తెంత, ఎవరి వయసెంత, ఏ యజమాని మాట మీద నిలబడతాడు, ఎవరితో ఎలా మాట్లాడాలి, అన్నీ అందులో ఉన్నాయి.

తరువాత ఎన్నికల ప్రకటన రాశాను. అందులో ఆ పుస్తకం మాట ఒక్కటీ లేదు! "భారత బాస్కెట్‌బాల్‌కి స్వర్ణయుగం తెస్తాను" అని రాశాను. నా ప్రత్యర్థి అరపేజీలో ఏ వయసు కుర్రాళ్ళకి ఏం నేర్పించమని అడుగుతాడో రాశాడు. నాలుగు ఓట్ల తేడాతో అతనే గెలిచాడు. స్వర్ణయుగం వాయిదా పడింది.

అసలు పరీక్ష ఆ మర్నాడు వచ్చింది. గెలిచినాయన ఉత్తరం రాశాడు. "మీ దగ్గర ఆటగాళ్ళ వివరాలున్నాయని విన్నాను. పంపగలరా?" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. సీజనంతా చాకిరీ నాది, పదవి నీదీనా? నాకు ఓటు వెయ్యనివాళ్ళకి నా పుస్తకం ఎందుకివ్వాలి? రెండు రోజులు జవాబు రాయలేదు.

మూడోనాడు పుస్తకం తిరగేస్తూ లెక్క వేశాను. 19 ఏళ్ళు అప్పుడే నిండినవాడికి ఈ జట్టులో మిగిలింది మూడు సీజన్లు, అంటే 42 వారాలు. నా అలక తీరేదాకా ఆ కుర్రాడి వయసు ఆగదు. పైగా కింది లీగుకి దిగిపోయిన ఆ యజమాని నా పదవి కోసం ఓడలేదు. అతని నష్టాన్ని నా బీరువాలో దాచే హక్కు నాకెక్కడిది? ఆ రాత్రే కూర్చుని పుస్తకమంతా టైపు చేసి పంపేశాను. అంత సుళువుగా పంపానని గొప్పలు చెప్పను. టైపు చేస్తున్నంతసేపూ సణుగుతూనే ఉన్నాను.

ఇప్పుడు మన సంగతికొద్దాం. విద్యార్థి ఎన్నికల మీద లింగ్డో కమిటీ చేసిన సిఫార్సులను సుప్రీంకోర్టు 2006లో ఆమోదించింది. అభ్యర్థి ఖర్చు 5,000 రూపాయలు దాటకూడదన్నారు. అచ్చువేసిన పోస్టర్లు వద్దన్నారు. మంచిదే. కానీ ఓడినవాడు మర్నాడు ఏం చెయ్యాలో రూలు పెట్టి నేర్పలేం. సాధారణంగా మనం చూసేదేమిటి? ఎన్నికల ముందు గది గదికీ తిరిగి, హాస్టలు నీళ్ళ గొడవా, లైబ్రరీ వేళలూ, స్కాలర్‌షిప్ జాప్యాలూ అన్నీ రాసుకున్న అభ్యర్థి ఓడిపోతాడు. ఆ కాగితాలూ అతనితోపాటే అటకెక్కుతాయి. గెలిచినవాడు అడగడు. అడిగితే చిన్నతనం! ఓడినవాడు ఇవ్వడు. ఇస్తే లొంగిపోయినట్టు! మధ్యలో కుళాయిలో నీళ్ళు రాని జూనియరు డిగ్రీ పూర్తిచేసుకుని వెళ్ళిపోతాడు. మూడేళ్ళ డిగ్రీలో అతనికున్నదీ లెక్కపెట్టిన వారాలే.

కాబట్టి మిత్రులకు నా మనవి ఒకటే. ఫలితాలు వచ్చిన వారంలోగా గెలిచినవాడు ఓడినవాడి గదికి తనే వెళ్ళి ఆ కాగితాలు అడగాలి. ఓడినవాడు కావలిస్తే సణుక్కుంటూనే ఇవ్వాలి. లెక్చరర్లు ఆ ఇద్దరినీ ఒక బల్ల దగ్గర కూర్చోబెడితే ఇంకా మేలు.

ఆ కోచ్ గారు నా పుస్తకంలోని కుర్రాళ్ళలో ముగ్గురిని జట్టులోకి తీసుకున్నాడు. ఏడడుగులవాడు మాత్రం ఇంకా బంతి సరిగ్గా అందించలేకపోతున్నాడు. వాడి యజమానికి మళ్ళీ ఉత్తరం రాయాలి. వచ్చేసారి నిలబడతానో లేదో గాని, ఆ ఉత్తరం మాత్రం ఈ ఆదివారం రాస్తాను.