ఊరికొక గుర్తు

గ్రామ పంచాయతీ యెన్నికలలో రాజకీయ పక్షముల గుర్తులకు తావు లేదు. అయినను 2021 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశమున జరిగిన యెన్నికలలో పక్షములు అభ్యర్థులను బాహాటముగా బలపరచినవి. ఫలితములు వెలువడగనే విజయము మాదనగా మాదని చాటుకొన్నవి. ఒకే పక్షము బలపరచినవారికి ఊరికొక గుర్తు! ఆ యేడే ఏప్రిల్ 8న మండల, జిల్లా పరిషత్తులకు మాత్రము పార్టీ గుర్తులతోనే ఓటింగు జరిగినది. రెండు నెలలలో రెండు పద్ధతులు చూచిన మైపాడు వంటి నెల్లూరు తీర గ్రామముల ఓటరు తికమకపడిన వింత లేదు.

మంచినీరు, మురుగుకాలువ, వీధిదీపము పంచాయతీ బాధ్యతలు. ఉప్పుగాలి వీచు ఊళ్లలో మంచినీటి విలువ యెవరికి తెలియదు? ఆ నీటికి పార్టీ రంగు లేదు. పౌరశాస్త్రము బోధించు ఉపాధ్యాయులు ఈ భేదమును విద్యార్థులకు విప్పిచెప్పవలెను. వారి ద్వారా అది ఇంటింటికి చేరును. అభ్యర్థి వెనుక నిలిచినదెవరని విచారించుటకు ముందు, అతడు ఊరికేమి చేయగలడో అడుగుట ఓటరు ధర్మము.