రంగు తిరిగిన చెరువు నీరు - ఇనుప పూత ఇసుక

డెల్టా గ్రామములలో వేసవికి కాలువలు కట్టివేయుటకు ముందే మంచినీటి చెరువులను నింపుకొనుట పరిపాటి. ఎండలు ముదురుసరికి కొన్ని చెరువుల నీరు పలుచని తేనీటి రంగుకు తిరుగును. గట్టుమీది చెట్ల ఆకులు, తూటికాడ, గుర్రపుడెక్క, నాచు నీటిలో క్రుళ్ళి, వాటి సారము కరగుటయే ఇందుకు కారణము. రంగు చూచి ప్రజలు ఫిర్యాదు చేయుదురు. వెంటనే మరికొంత బ్లీచింగు పౌడరు కలుపుదురు. ఈ పద్ధతి సరియైనది కాదని నా అభిప్రాయము.

కలుపు తీయని చేనికి ఎరువు వేసినచో పైరు కంటె కలుపే ఎక్కువ తినును గదా! ఇదియు అట్టిదే. పౌడరులోని క్లోరిన్ చాలవరకు ఈ ఆకుసారముతోనే ఖర్చయిపోవును. క్రిములను చంపుటకు మిగులునది స్వల్పము. అంతటితో పోలేదు. క్లోరిన్, ఆకుసారము కలిసినపుడు క్లోరోఫారము వంటి పదార్థములు పుట్టునని హాలండు శాస్త్రజ్ఞుడు రూక్ 1974లో ప్రకటించెను. మన దేశపు 2012 నాటి త్రాగునీటి ప్రమాణము క్లోరోఫారము లీటరుకు 0.2 మిల్లీగ్రాము మించరాదని నిర్ణయించినది. అయితే ఈ భయముతో క్లోరిన్ మానుట పెద్ద పొరపాటు. క్రిముల వలన కలుగు అపాయము నేడే వచ్చునది. ముందు సారమును తీసి, పిమ్మట క్లోరిన్ వేయవలెనని మాత్రమే నా మనవి.

సారమును తీయుట ఎట్లు? చిల్లగింజ అరగదీసినను, ఇసుక పడకలో వడగట్టినను బురద పోవును గాని, కరిగిన రంగు చాలవరకు నిలిచియుండును. పటిక మోతాదు కుదిరినచో కొంత సారమును అడుగునకు దింపును. ఇసుక రేణువునకు, ఆకుసారమునకు రెంటికిని ఋణ విద్యుదావేశమే యుండుట వలన ఒకదానినొకటి దరిజేరనీయవు. ఇసుకను ఇనుప లవణ ద్రావణములో తడిపి, వేడిచేసి ఆరబెట్టి, కడిగినచో రేణువులపై తుప్పురంగు పూత ఏర్పడును. మామూలు నీటిలో ఈ పూత సాధారణముగా ధనావేశము వహించి సారమును పట్టుకొనును. పట్టు తగ్గిన ఇసుకను కాస్టిక్ సోడా నీటితో కడిగి మరల వాడవచ్చును. ఆ కడుగునీటిని చెరువులోనికి గాని కాలువలోనికి గాని వదలరాదు. ఈ మందులు చర్మమును కాల్చునవి గనుక తయారీ, కడుగుట నిపుణులకే విడువవలెను.

అయినను ఈ ఇసుకను సర్వరోగ నివారిణిగా భావించరాదు. నీటిలో క్షారగుణము పెరిగినకొలది పూత పట్టు సడలును. పొలములనుండి కొట్టుకొని వచ్చిన భాస్వరము పూతపై చోటును ముందుగా ఆక్రమించును. అనగా మనము చేనిలో అధికముగా చల్లిన డి.ఏ.పి. మన త్రాగునీటి ఇసుకనే చెరుపును! కావున ఒక ఊరిలో పనిచేసిన ఇసుక మరియొక ఊరిలో పనిచేయునని నమ్మి, పంచాయతీ సొమ్ము వెచ్చించరాదు. ముందు మన చెరువు నీటితోనే చిన్న గొట్టములో కొన్ని వారములు పరీక్ష చేయించి, రంగు, క్లోరిన్ ఖర్చు ఎంత తగ్గినవో లెక్క చూడవలెను.

అంతవరకు ఖర్చులేని పనులు మన చేతిలోనే యున్నవి. కాలువ నీరు ఎక్కించుటకు ముందే చెరువులోని గుర్రపుడెక్క, తూటికాడ తీయించి, గట్టుకు దూరముగా కుప్పవేసి కంపోస్టు చేయవలెను. నీటిపైకి వంగిన కొమ్మలు నరికించవలెను. పొలపు మురుగు చెరువులో పడకుండ గట్టు బందోబస్తు చేయవలెను. పంచాయతీ కార్యదర్శి చివరి కుళాయి వద్ద క్లోరిన్ పరీక్షించి, లీటరుకు 0.2 మిల్లీగ్రాముకు తగ్గకుండ చూడవలెను.

చెరువులో పడనీయని ఆకును నీటినుండి తీయవలసిన పనిలేదు. రైతు సోదరులు గట్టు పని ముందు ముగించి, పిమ్మట ఇసుక మాట తలపెట్టుదురు గాక!