ఆగస్టు 15న మూడు రంగుల చొక్కా, పండుగ నాడు మాల, బొట్టు: బడి ఎంతవరకు వద్దనవచ్చు?

ఆగస్టు 14 సాయంత్రం బడి వాట్సాప్ గ్రూపులో మెసేజ్ వస్తుంది: రేపు పిల్లలందరూ తెల్ల దుస్తుల్లో రావాలి. మీ వాడేమో నెలరోజుల క్రితమే కొనిపెట్టుకున్న మూడు రంగుల చొక్కానే వేసుకుంటానంటాడు. నెలన్నర తర్వాత బతుకమ్మ వేడుక. ఈసారి సంప్రదాయ దుస్తులు తప్పనిసరి అని మెసేజ్. ఇంకొన్నాళ్లకు పక్కింటి అబ్బాయి అయ్యప్ప మాల వేసుకుంటాడు. గేటు దగ్గర ఆపుతారేమోనని వాళ్ల అమ్మకు భయం.

ఇవి మూడు వేర్వేరు సమస్యల్లా కనిపిస్తాయి కానీ అడిగే ప్రశ్న ఒక్కటే. పిల్లలు ఒంటిమీద వేసుకున్నదానితో తమ దేశభక్తినో, సంస్కృతినో, నమ్మకాన్నో చెప్పుకుంటే బడి ఎంతవరకు ఒప్పుకోవాలి, ఎక్కడ వద్దనవచ్చు?

భానూర్ లాంటి చోట ఈ ప్రశ్న ఎందుకు ముఖ్యం?

సంగారెడ్డి జిల్లా పటాన్‌చెరు మండలంలోని భానూర్‌లో భారత్ డైనమిక్స్ లిమిటెడ్ క్షిపణుల కర్మాగారం ఉంది. చుట్టుపక్కల పటాన్‌చెరు, పాశమైలారం, ఇస్నాపూర్ అంతా పరిశ్రమలే. పని కోసం బిహార్, ఒడిశా, ఉత్తరప్రదేశ్, కర్ణాటక, ఆంధ్రప్రదేశ్ నుంచి వచ్చిన కుటుంబాలు ఇక్కడ అద్దె ఇళ్లలో ఉంటాయి. ఇలాంటి చోట ఒకే బెంచీ మీద బతుకమ్మ పేర్చే అమ్మాయి, ఛఠ్ పూజ చేసుకునే ఇంటి అబ్బాయి, రంజాన్ ఉపవాసం ఉండే పిల్ల పక్కపక్కన కూర్చుంటారు.

దానికి తోడు తెలంగాణలో జెండా పండుగలు కూడా ఎక్కువే. జనవరి 26, ఆగస్టు 15తో పాటు జూన్ 2న రాష్ట్ర అవతరణ దినం, సెప్టెంబర్ 17. 1948లో హైదరాబాద్ సంస్థానం భారత్‌లో కలిసిన ఆ రోజును కేంద్రం విమోచన దినంగా జరుపుతోంది. గత బీఆర్ఎస్ ప్రభుత్వం జాతీయ సమైక్యతా దినంగా, ప్రస్తుత కాంగ్రెస్ ప్రభుత్వం ప్రజాపాలన దినోత్సవంగా జరిపాయి. రోజు పేరు మీదే పెద్దలు ఒక మాట మీద లేనప్పుడు, ఆ రోజు పిల్లవాడు పెట్టుకొచ్చే కండువాలో, బ్యాడ్జీలో రాజకీయం వెతకడం ఎవరికైనా తేలికే.

ఇది కొత్త గొడవ కాదు

బడికి పెట్టుకొచ్చిన ఒక బ్యాడ్జీ తెలుగునాట చరిత్రలోకి ఎక్కింది. 1907 ఏప్రిల్‌లో బిపిన్ చంద్రపాల్ రాజమండ్రి వచ్చి ప్రసంగించారు. ఆ ఊపులో విద్యార్థులు వందేమాతరం బ్యాడ్జీలు పెట్టుకుని తరగతికి వచ్చారు. ప్రిన్సిపాల్ మార్క్ హంటర్ తీసేయమన్నారు, వాళ్లు తీయలేదు. గాడిచర్ల హరిసర్వోత్తమరావును కళాశాల నుంచి బహిష్కరించారు, మరెందరినో శిక్షించారు. ఆ గాడిచర్లే తర్వాత పత్రికా సంపాదకుడై 1908లో జైలుకు వెళ్లారు.

1938లో హైదరాబాద్‌లో వంతు పాటకు వచ్చింది. ఉస్మానియా విశ్వవిద్యాలయం హాస్టల్ ప్రార్థన గదిలో వందేమాతరం పాడొద్దని అధికారులు ఆపారు. విద్యార్థులు సమ్మె చేశారు, వందలమంది చదువు పోగొట్టుకున్నారు. చాలామంది నాగపూర్ వెళ్లి చదువు కొనసాగించారు. వాళ్లలో పీవీ నరసింహారావు ఒకరు.

ఆ రెండు చోట్లా అధికారులు చెప్పిన కారణం క్రమశిక్షణే. ఈ రోజు అదే బ్యాడ్జీ పెట్టుకుంటే బడిలో చప్పట్లు కొడతారు. అంటే ఏది క్రమశిక్షణ, ఏది దేశభక్తి అన్నది అధికారంలో ఎవరున్నారన్న దాన్ని బట్టి మారిపోతూ ఉంటుంది. అందుకే ఈ విషయాన్ని ఆ క్షణాన ఉన్నవాళ్ల ఇష్టాయిష్టాలకు వదలకుండా నియమం రాసిపెట్టుకోవాలి.

అమెరికాలో జెండా చొక్కా ఎందుకు తీయించారు?

దేశభక్తి దుస్తుల మీద ఈ మధ్యకాలంలో ఎక్కువ చర్చ జరిగిన కేసు కాలిఫోర్నియాది. మే 5 మెక్సికో మూలాలున్న వారికి సాంస్కృతిక పండుగ. 2010లో ఆ రోజు మోర్గన్ హిల్ పట్టణంలోని లైవ్ ఓక్ హైస్కూలుకు కొందరు విద్యార్థులు అమెరికా జెండా చొక్కాలు వేసుకొచ్చారు. అంతకు ముందు ఏడాది ఇదే రోజున రెండు వర్గాల మధ్య వాగ్వాదం జరిగింది. ఈసారి కొట్లాట అవుతుందేమోనన్న భయంతో బడి అధికారులు చొక్కాలు తిరగేసి వేసుకోండి, లేదా ఇంటికి వెళ్లండి అన్నారు.

సొంత దేశంలో సొంత జెండా వేసుకుంటే తప్పా అంటూ కేసు కోర్టుకెళ్లింది. 2014లో అక్కడి అప్పీళ్ల కోర్టు బడి పక్షాన నిలిచింది. గొడవ జరుగుతుందని నమ్మడానికి బడికి గట్టి కారణం ఉందని చెప్పింది. 2015లో అమెరికా సుప్రీంకోర్టు ఆ కేసు వినడానికి నిరాకరించింది.

ఆ తీర్పుకు ఆధారం 1969 నాటి టింకర్ కేసు. వియత్నాం యుద్ధానికి నిరసనగా నల్ల పట్టీలు కట్టుకొచ్చిన పిల్లలను శిక్షించకూడదని అప్పుడు సుప్రీంకోర్టు చెప్పింది. చదువుకు నిజంగా పెద్ద ఆటంకం కలిగితేనే, లేదా కలుగుతుందని నమ్మడానికి ఆధారం ఉంటేనే ఆపవచ్చన్నది అందులోని సూత్రం.

మోర్గన్ హిల్ కేసుపై అదే అప్పీళ్ల కోర్టులో కొందరు జడ్జీలు విభేదించారు. వాళ్ల అభ్యంతరం మనకూ ఆలోచించదగ్గదే. చొక్కా వేసుకున్నవాడు ఎవరినీ కొట్టలేదు, కొడతామన్నది వేరేవాళ్లు. అలాంటప్పుడు చొక్కా తీయిస్తే, బెదిరించిన వాళ్ల మాటే నెగ్గినట్టవుతుంది. రేపు మీకు నచ్చనిదాన్ని ఆపాలంటే గొడవ చేస్తామంటే చాలు అన్న పాఠం పిల్లలకు అందుతుంది.

మన కోర్టులు ఏమన్నాయి?

మొదట గుర్తుపెట్టుకోవాల్సింది 1986 నాటి బిజో ఇమ్మాన్యుయేల్ కేసు. కేరళలో యెహోవా సాక్షుల కుటుంబానికి చెందిన ముగ్గురు పిల్లలు జాతీయ గీతం వస్తుంటే గౌరవంగా నిలబడ్డారు కానీ పాడలేదు. తమ విశ్వాసం అందుకు ఒప్పుకోదన్నారు. 1985లో బడి వాళ్లను తీసేసింది. సుప్రీంకోర్టులో జస్టిస్ ఓ. చిన్నప్పరెడ్డి, అంతకుముందు ఆంధ్రప్రదేశ్ హైకోర్టు న్యాయమూర్తిగా పనిచేసినవారు, ఆ తీర్పు రాశారు. పాడాలని ఏ చట్టమూ చెప్పడం లేదు, శాఖాపరమైన ఉత్తర్వుతో పిల్లల భావప్రకటన, మత స్వేచ్ఛలను లాగేసుకోలేరు, తిరిగి చేర్చుకోండి అన్నది దాని సారాంశం.

అంటే మన దగ్గర దేశభక్తిని గౌరవించాలని అడగవచ్చు, ప్రదర్శించి తీరాలని బలవంతం చేయలేరు. మూడు రంగుల చొక్కా వేసుకునే పిల్లవాడికి ఎంత చోటుందో, వేసుకోని పిల్లవాడికీ అంతే చోటుండాలి.

ఇక యూనిఫాం సంగతి. 2022లో కర్ణాటక ఉడుపిలో హిజాబ్ వివాదం మొదలైంది. ప్రతిగా కొందరు కాషాయ కండువాలతో వచ్చారు. 2022 మార్చి 15న కర్ణాటక హైకోర్టు యూనిఫాం నిర్ణయించే హక్కు ప్రభుత్వానికి ఉందని తేల్చింది. అదే ఏడాది అక్టోబర్ 13న సుప్రీంకోర్టులో ఇద్దరు న్యాయమూర్తులు చెరో వైపు తీర్పు చెప్పారు. జస్టిస్ హేమంత్ గుప్తా నిషేధాన్ని సమర్థించారు, జస్టిస్ సుధాంశు ధులియా తప్పుబట్టారు. విషయం విస్తృత ధర్మాసనానికి వెళ్లింది. కాబట్టి యూనిఫాం పెట్టే అధికారం బడికి ఉంది, దానికి మినహాయింపులు ఎక్కడివరకు అన్నదే ఇంకా తేలాల్సి ఉంది.

మన రాష్ట్రంలో ఏం జరిగింది?

2024 ఏప్రిల్‌లో మంచిర్యాల జిల్లాలోని ఒక మిషనరీ బడికి కొందరు పిల్లలు హనుమాన్ దీక్ష దుస్తుల్లో వెళ్లారు. బడివాళ్లు ప్రశ్నించారు. ఆ వార్త సోషల్ మీడియాలో పాకింది. గుంపు వచ్చి బడి అద్దాలు పగలగొట్టింది. ఒక తల్లిదండ్రి ఫిర్యాదుతో పోలీసులు బడి యాజమాన్యంపైనా కేసు పెట్టారు.

హెచ్‌ఎం గదిలో తల్లిదండ్రులు, టీచర్లు పది నిమిషాలు కూర్చుని మాట్లాడుకుంటే తేలే విషయం అది. దీక్ష రోజుల్లో ఏం చేయాలో ముందే రాసిపెట్టి ఉంటే, ఆ ఉదయం గేటు దగ్గర ఎవరూ ఎవరినీ ప్రశ్నించాల్సిన పనే ఉండేది కాదు.

జెండా ఉన్న దుస్తులు వేసుకోవచ్చా?

ఇక్కడ చాలామంది పొరబడతారు. జాతీయ గౌరవ చిహ్నాల అవమాన నిరోధక చట్టం 1971, భారత జెండా నియమావళి 2002 ప్రకారం:

- నడుము కింద వేసుకునే ఏ దుస్తులోనూ జాతీయ జెండాను వాడకూడదు.
- దిండ్లు, చేతి రుమాళ్లు, లోదుస్తులు, ఇతర దుస్తుల బట్ట మీద జెండాను ముద్రించకూడదు, ఎంబ్రాయిడరీ చేయకూడదు.
- జెండా మీద ఏమీ రాయకూడదు, నేలకు తగలనీయకూడదు.
- కాగితం జెండాలు ఊపవచ్చు. వేడుక అయ్యాక నేలమీద పారేయకూడదు.

కావాలని అవమానిస్తే 3 ఏళ్ల వరకు జైలు లేదా జరిమానా లేదా రెండూ పడవచ్చు. అశోక చక్రంతో సహా జెండానే అచ్చు వేసిన చొక్కా కొనేముందు ఆలోచించండి. కాషాయం, తెలుపు, ఆకుపచ్చ కలిపి కుట్టించిన చొక్కా, చున్నీ, గాజులు, రిబ్బన్లు వేరు. ఆ రంగుల కలయికను చట్టం నిషేధించలేదు. ఛాతీ మీద చిన్న జెండా బ్యాడ్జీ పెట్టుకోవడం ఎప్పటినుంచో ఉన్నదే.

మీ పిల్లలను ఇబ్బంది పెడితే ఏం చేయాలి?

విద్యాహక్కు చట్టం 2009 మీకు అక్కరకొచ్చే మొదటి ఆయుధం. సెక్షన్ 17 ప్రకారం పిల్లలను కొట్టకూడదు, మానసికంగా వేధించకూడదు. సెక్షన్ 16 ప్రకారం ఎలిమెంటరీ చదువు పూర్తయ్యేవరకు బడి నుంచి తీసేయకూడదు. అంటే 8వ తరగతి లోపు పిల్లవాడికి దుస్తుల పేరుతో టీసీ ఇచ్చి పంపడం కుదరదు. మైనారిటీ విద్యాసంస్థలకు ఈ చట్టం వర్తించదని సుప్రీంకోర్టు 2014లో చెప్పిందన్నది గమనించండి.

2023 ఆగస్టులో జాతీయ బాలల హక్కుల కమిషన్ కూడా రాష్ట్రాలకు లేఖ రాసింది. పండుగలప్పుడు రాఖీ, తిలకం, మెహందీతో వచ్చిన పిల్లలను బడులు శిక్షించకుండా చూడాలని కోరింది.

మెట్టు మెట్టుగా ఇలా వెళ్లండి:

- ముందు డైరీలో ఉన్న యూనిఫాం నియమం చదవండి. అందులో లేని నిబంధన గేటు దగ్గర చెబితే రాతపూర్వకంగా అడగండి.
- హెచ్‌ఎంను నేరుగా కలవండి. వీడియో తీసి గ్రూపుల్లో పెట్టడం చివరి మార్గం కూడా కాకూడదు. మంచిర్యాలలో ఏమైందో చూశారు కదా.
- ప్రభుత్వ బడి అయితే అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలో విషయం పెట్టండి.
- తేలకపోతే మండల విద్యాధికారికి, తర్వాత జిల్లా విద్యాధికారికి రాయండి. సోమవారం సంగారెడ్డి కలెక్టరేట్‌లో జరిగే ప్రజావాణిలోనూ అర్జీ ఇవ్వవచ్చు.
- సెక్షన్ 32 కింద ఇచ్చిన ఫిర్యాదును స్థానిక అధికార సంస్థ 3 నెలల్లో తేల్చాలి. ఆపై రాష్ట్ర బాలల హక్కుల కమిషన్‌కు అప్పీలు చేసుకోవచ్చు.
- పిల్లవాడిని కొట్టినా, బంధించినా వెంటనే 1098కు ఫోన్ చేయండి.

బడులు ముందే చేయగలిగింది

జూన్‌లో బడి తెరిచిన రోజే ఒక పేజీ నియమం ఇస్తే సగం గొడవలు ఉండవు. ఏయే రోజులు యూనిఫాం తప్పనిసరి, ఏయే రోజులు రంగు దుస్తులకు అనుమతి, దీక్ష, పండుగ గుర్తుల విషయంలో ఏం చేయాలి అన్నవి అందులో ఉండాలి. అది అందరికీ ఒకేలా ఉండాలి. అయ్యప్ప మాలకు ఇచ్చే మినహాయింపు ఇంకో మతం గుర్తుకు ఇవ్వకపోతే, అది నియమం కాదు, పక్షపాతం.

డబ్బు సంగతీ ఉంది. ఫ్యాక్టరీలో కాంట్రాక్టు పని చేసే ఇంట్లో ఇద్దరు పిల్లలుంటే స్వాతంత్ర్య దినానికి తెల్ల జత, బతుకమ్మకు పట్టు పావడా, వార్షికోత్సవానికి ఇంకొకటి కొనడం భారమే. కొనలేని పిల్లను పక్కన నిలబెట్టి ఫొటో తీయడం కూడా శిక్షే. సంప్రదాయ దుస్తులు తప్పనిసరి అనే బదులు ఉన్నవాళ్లు వేసుకోండి అంటే చాలు, వేడుకకు ఏ లోటూ రాదు.

చివరిగా, గొడవ వస్తుందన్న భయం ఉంటే బడి ముందుగా ఆపాల్సింది బెదిరించేవాళ్లను. మూడు రంగుల చొక్కా వేసుకున్న పిల్లవాడిని, మాల వేసుకున్న పిల్లవాడిని, ఏదీ వేసుకోకుండా నిశ్శబ్దంగా నిలబడ్డ పిల్లను కాదు. ఈ ఆగస్టు 14న బడి గ్రూపులో మెసేజ్ వచ్చినప్పుడు, జవాబుగా ఒక్క ప్రశ్న వేయండి: వేసుకురాని పిల్లలను ఏం చేస్తారు? బడి దానికి ఇచ్చే సమాధానంలోనే మీకు కావలసిన విషయం తెలిసిపోతుంది.