కె.జి.యఫ్. సైనైడ్ దిబ్బలు: బంగారం తీశాక మట్టి ఎక్కడికి?

2024 జూన్‌లో కర్ణాటక మంత్రివర్గం కోలారు బంగారు గనుల దిబ్బలను మళ్ళీ తవ్వడానికి ఒప్పుకున్నప్పటి నుంచి మనవాళ్ళ నోట ఒకటే మాట: గని తెరుస్తారట, పిల్లలకు పని దొరుకుతుందట. తెరిచేది గని కాదు. 2001 ఫిబ్రవరి 28న భారత్ గోల్డ్ మైన్స్ మూతపడ్డాక పంపులు ఆగిపోయి, మూడు కిలోమీటర్లకు పైగా లోతున్న ఆ గనుల్లో నీళ్ళు నిండాయి. ఇప్పుడు ముట్టుకోబోయేది పైనున్న 13 దిబ్బలను, సుమారు 3.3 కోట్ల టన్నుల మట్టిని.

పాతరోజుల్లో రాయిని పొడిచేసి, సైనైడ్ నీళ్ళలో బంగారాన్ని కరిగించుకుని, మిగిలిన పిండిని దిబ్బలుగా పోశారు. అందులో టన్నుకు గ్రాము కన్నా తక్కువ బంగారం ఉండిపోయింది. ఇప్పటి ధరకు అదీ గిడుతుంది. మామూలుగా ఇలాంటి దిబ్బను నీటి ధారతో కరిగించి, అవసరమైతే ఇంకా మెత్తగా నూరి, మళ్ళీ సైనైడ్‌లో వేసి, కొబ్బరి చిప్పల బొగ్గుతో బంగారాన్ని పట్టుకుంటారు. వాడిన సైనైడ్‌ విషాన్ని విరిచే రసాయన పద్ధతులు చాలా దేశాల గనుల్లో నడుస్తున్నాయి. పని తడిలో జరుగుతుంది కాబట్టి తవ్వేటప్పుడు దుమ్మూ తక్కువే. ఇంతవరకు బాగానే ఉంది.

ఇక లెక్క చూడండి. టన్నులో గ్రాము తీస్తే మిగిలేది దాదాపు టన్నే. దిబ్బ మాయం కాదు, చోటు మారుతుంది, అదీ మునుపటి కన్నా మెత్తని పిండిగా. అది ఎండితే మే నెల గాలికి ఛాంపియన్ రీఫ్స్ ఇళ్ళలో అన్నం పళ్ళెం మీద పడేది అదే. కింద పొర పరిచి పోస్తారా, పైన మట్టి కప్పి చెట్లు పెంచుతారా, బోరు నీళ్ళు ఎవరు పరీక్షిస్తారు? 'తగిన జాగ్రత్తలు తీసుకోబడును' అన్న వాక్యాన్ని నా ఉద్యోగంలో వందల ఫైళ్ళలో నేనే టైపు చేశాను. దాని బరువెంతో నాకు తెలుసు.

చేతకాక కాదు. ఎయిర్ బ్లాస్టులకు ఎందరో కార్మికులు పోయిన ఊరిది. రాయి కదలికను ముందే పసిగట్టాలని లోపల యంత్రాలు అమర్చారు; 1988లో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ రాక్ మెకానిక్స్‌ను ఇక్కడే పెట్టారు. దుమ్మును కొలవడం అంతకన్నా చాలా తేలిక.

పని సంగతి కూడా దాచకుండా చెప్పుకోవాలి. నీటి గొట్టాలు, యంత్రాలు చేసే పనికి పాత గనిలో లాగా వేల మంది అక్కర్లేదు. మారికుప్పం నుంచి బెంగళూరు రైలెక్కే పిల్లలు చాలామంది ఇకముందూ ఎక్కుతూనే ఉంటారు. దొరికే కొద్ది ఉద్యోగాలైనా స్థానికులకే అని కాగితం మీద రాయించుకోవాలి.

దుమ్ము, నీళ్ళ పరీక్షల ఫలితాలను నెలనెలా కన్నడ, తమిళం, తెలుగు మూడింటిలోనూ బోర్డు మీద పెట్టాలని మన సంఘం తరఫున డీసీ ఆఫీసులో అర్జీ ఇస్తున్నాం. దిబ్బల పక్క వీధులవాళ్ళు తమ బోరు ఎన్ని అడుగులో, ఏ ఏడాది వేశారో, నీళ్ళ రంగు, రుచి ఎలా ఉన్నాయో ఒక చీటీ మీద రాసి ఆదివారంలోగా సంఘం ఆఫీసులో ఇవ్వండి. పని మొదలవక ముందటి లెక్క మన దగ్గర ఉంటేనే తర్వాత అడగడానికి వీలవుతుంది.